నా వంతులో విప్పని మూట

ఆమె పోయిన రోజు మధ్యాహ్నం మా నీటి సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. "ప్రెసిడెంటన్నా, పెద్దమ్మ ఫోటో ఉంటే పంపు, ఫ్లెక్సీ ఏపిద్దాం."

ప్రెసిడెంటన్న అంటే నేనే. బళ్ళారి జిల్లాలో హచ్చొళ్ళి పక్కన మా ఊరి కాలువ మీద ఆధారపడిన రైతుల సంఘానికి ఎనిమిదేళ్లుగా అధ్యక్షుణ్ణి. నన్ను ఎందుకు ఎన్నుకున్నారని అడిగితే, నాకు కన్నడంలో అర్జీ రాయడం వచ్చు, నా ఫోన్లో కెమెరా బాగుంటుంది. అంతకు మించి నాలో వాళ్లు చూసిన గొప్పతనం ఏమీ లేదు. ఉందని నేను మాత్రం చాలాకాలం అనుకున్నాను.

బళ్ళారి బ్రూస్‌పేటలో ఫ్లెక్సీలు వేసే అతను సాయంత్రంలోపు ఫోటో కావాలన్నాడు. ఫోను తెరిచి వెతికాను. కాలువ ఫోటోలు వందల్లో ఉన్నాయి. తూముల తలుపులు, కొట్టుకుపోయిన గట్లు, వాటి ముందు నిలబడ్డ నేను. ఆమె ఉన్నది ఒకే ఒక్క ఫోటోలో. మధ్యలో జేసీబీ తన చెయ్యి ఎత్తి ఉంది. ఒక మూలన, గట్టు మీద, వీపు ఇటు తిప్పి ఆమె నిలబడి ఉంది. తల మీద కొంగు, చేతిలో స్టీలు చెంబు. ఈ ఫోటోను కాలువల ఆఫీసుకు పంపిన రోజు ఆ మూల కత్తిరించి పంపాను. అప్పుడు కత్తిరించినదాన్ని ఇప్పుడు ఫ్లెక్సీకి పంపడానికి నాకు చెయ్యి రాలేదు. "నా దగ్గర లేదు" అని రాశాను.

చివరికి ఆధార్ కార్డు మీది ఫోటోనే పెద్దది చేశారు. చేయని నేరానికి పట్టుబడినట్టు బిత్తరపోయి చూస్తున్న మొహం. కింద, "శోకతప్త హృదయాలతో" అన్న చోట మొదటి పేరు నాది. బస్టాపు దగ్గర కట్టారు. రెండు రోజులు చుట్టుదారిన పోయాను.

ఆమె ఎవరో చెప్పాలంటే ముందు మా కాలువ గురించి చెప్పాలి. ప్రభుత్వం నుంచి సంఘానికి వచ్చే గ్రాంటు తూములకు గ్రీజు పూయడానికే బొటాబొటీగా సరిపోతుంది. అందుకని నీళ్లు వదిలే ముందు, ఎండాకాలం చివర్లో, ప్రతి ఇల్లూ కాలువలో తన వంతు పూడిక తీయాలి. ఎంత పొలం ఉంటే అంత పొడవు వంతు. ఏ వంతు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో గట్టు మీద పాతిన బండలు చెబుతాయి. కూలి ఎవరూ ఇవ్వరు, ఎవరూ అడగరు. చేయకపోతే జరిమానా కూడా లేదు. పైన ఎవరో ఒకరు ఎగ్గొడితే వాళ్లకు పోయేదేమీ ఉండదు, నీళ్లు వాళ్ల తూము దాటాకే కదా ఆగేది. ఆగితే ఎండేది చివరి పొలం.

ఆ చివరి పొలం ఆమెది. ఎకరన్నర. భర్త ఎప్పుడో పోయాడు. కొడుకు తారానగర్ వైపు గనుల లారీ నడుపుతాడు, పదిహేను రోజులకొకసారి వస్తాడు. ఆమె, కోడలు కలిసి వరి వేసుకునేవాళ్లు.

నీళ్లు వదలడానికి వారం ముందు ఆమె కాలువ చూడటానికి బయలుదేరేది. గట్టు మీద నడిచేది కాదు. చెప్పులు విప్పి చంకలో పెట్టుకుని, ఎండిన కాలువలోకి దిగి, మొదటి తూము దగ్గర నుంచి తన పొలం దాకా అడుగున నడిచేది. "కంటికి కనపడని పూడు కాలికి తెలుస్తాదప్పా" అనేది. ఒక చేతిలో రొట్టెల మూట, ఇంకో చేతిలో చెంబు. నడుస్తూ నడుస్తూ అనుమానం వచ్చిన చోట ఆగి, చెంబులోంచి కొన్ని నీళ్లు వంచి, అవి ఎటు పారతాయో వంగి చూసేది. కిందికి పారితే తల ఊపి ముందుకు పోయేది. మా ఆఫీసు ఇంజినీర్లు మూడు కాళ్ల పరికరం పెట్టి ఒంటికన్నుతో చూసేదాన్ని ఆమె ఆ చెంబుతో చూసేది.

ఎవరి వంతైనా తీయకుండా కనిపిస్తే అరిచేది కాదు, వాళ్లింటికి పోయేది కాదు. ఆ వంతు నడిమధ్యన కూర్చునేది. మూట విప్పి జొన్నరొట్టె, గోంగూరతో చేసిన పుండికూర బయటికి తీసి, నిదానంగా తినేది. గట్టు మీద పోయేవాళ్లు పలకరించేవాళ్లు.

"ఏం పెద్దమ్మా, ఈడ కూసున్యావు?"

"ఎండగా ఉండాదప్పా. ఈ జమ్ములో నీడ బాగుండాది."

అంతే. ఎవరి పేరూ ఎత్తేది కాదు. ఎత్తాల్సిన పని లేదు, బండలు అక్కడే ఉన్నాయి. పెద్దమ్మ ఫలానావాళ్ల వంతులో రొట్టె తింటోందన్న మాట ఆమె చెయ్యి కడుక్కునేలోపే ఊరు చేరేది. సాయంత్రానికి ఆ ఇంటివాళ్లు పారలు పట్టుకుని దిగేవాళ్లు. ఒకసారి నలభై ఎకరాల ఆసామి ఒకాయన, పరువు పోతుందని గిన్నెడు కోడికూర పంపి, ఇంకెక్కడైనా కూర్చుని తినమని చెప్పించాడు. ఆమె కూర తినింది. గిన్నె శుభ్రంగా కడిగి పంపింది. మరుసటి రోజు వచ్చి మళ్లీ అక్కడే కూర్చుంది.

నేను ప్రెసిడెంటు కాకముందు ఒక ఏడాది నా వంతులో కూర్చుంది. నా వంతు రోడ్డు పక్కన, మోరీ దిగువన ఉంటుంది. వచ్చే పోయే బస్సులోంచి కూడా కనిపిస్తుంది. కబురు మా ఆవిడ చెవిన పడింది. "ఊరంతా నవ్వుతాండారు, పార ఎత్తుకోని పో" అని నన్ను అన్నం ముందు నుంచి లేపింది. మండుతూనే పోయాను. పోయి, ఆమె వైపు చూడకుండా జమ్ము నరకడం మొదలుపెట్టాను. ఆమె కాసేపు చూసింది.

"తల గొరిగితే ఏమొస్తాదప్పా? నెల తిరక్కుండానే మళ్ల వస్తాది. ఏళ్లు తియ్యి."

"ఏళ్లు తీయాలంటే నడుము ఇరుగుతాది పెద్దమ్మా."

"ఇరగదులే. రెండు ముద్దలు తిను, తిన్నంక తియ్యి."

రొట్టె సగం విరిచి, దాని మీద పుండికూర పెట్టి ఇచ్చింది. కోపంగా ఉన్నవాడు కూర బాగుందని చెప్పకూడదు. చెప్పాను. ఆ పూట వేళ్లతో సహా తీశాను. ఆమెతో నాకు మిగిలిన మంచి జ్ఞాపకం అదొక్కటే. మిగతావన్నీ నేనే పాడు చేసుకున్నాను.

ఆమెకు ఇంకొక సంగతి మీద చాలా మక్కువ ఉండేది, తన సంతకం. ఊళ్లో పెద్దవాళ్లకు సాయంత్రం బడి పెట్టినప్పుడు నేర్చుకుంది. చదవడం నిలవలేదు కానీ కన్నడ అక్షరాల్లో తన పేరు రాయడం నిలిచింది. రేషన్ దుకాణంలో ఎవరైనా ఇంకు డబ్బా ముందుకు తోస్తే వెనక్కి తోసేది. "ఏలుముద్ర ఏసేదాన్ని కాదు. సహి జేస్తా, పెన్నియ్యి." పెన్ను తీసుకున్నాక కాగితాన్ని తనకు అనుకూలంగా తిప్పుకుని, నాలుక కొస పళ్ల మధ్య పెట్టి, అక్షరం అక్షరం ఆగి ఆగి రాసేది. వెనక వరుసలో వాళ్లు విసుక్కున్నా పట్టించుకునేది కాదు. రాసినదాన్ని ఒకసారి చూసుకునేది, ముగ్గు వేసి లేచిన మనిషి చూసుకున్నట్టు.

నేను ప్రెసిడెంటైన రెండో ఏడు ఊరికి ఒక గొప్ప సంగతి ప్రకటించాను. ఈసారి ఎవరూ పార పట్టక్కర్లేదు, గ్రాంటుతో జేసీబీ పెట్టిస్తాను అని. చప్పట్లు కొట్టారు. గ్రాంటు లెక్క నాకు తెలుసు, యంత్రం రెండు రోజులకు మించి రాదు. ఆ రెండు రోజుల్లో కాలువలో మూడో వంతు కూడా కాదని కూడా తెలుసు. మిగతాది ఎలాగో అవుతుందిలే అనుకున్నాను. ఒకసారి వద్దన్న పారను జనం మళ్లీ పట్టరని ఆలోచించలేదు.

యంత్రాన్ని రోడ్డు పక్కనే దింపించాను. ఆఫీసు జీపు వస్తే కనిపించేది అక్కడే. "ఇంకొంచెం లోతు తియ్యప్పా, ఫోటోలో బాగా కనపడల్ల" అని డ్రైవరుతో అన్నది నేనే. నా వంతులోనే మోకాలి లోతు ఎక్కువగా తవ్వించాను. కొత్త మట్టి రెండు గట్ల మీదా నిగనిగలాడుతోంది. నేను ఫోటోలు తీస్తూంటే ఆమె వచ్చింది. తవ్వకం ఆగిన చోట దిగి, చెంబు వంచింది. నీళ్లు ఆమె పొలం వైపు పోలేదు. వెనక్కి తిరిగి, మేము తవ్విన గుంటలోకి జారాయి.

"సూడప్పా, ఎనక్కి పోతాండాది. వాటం సెడిపోయింది. ఈడ లోతయితే నీళ్లు ఈడనే నిలబడ్తాయి, నా తావకు యాడొస్తాయి?"

డ్రైవరు నా మొహం చూశాడు. నేను నవ్వాను. "పెద్దమ్మ ఇంజినీరమ్మ అయిపోయింది" అన్నాను. డ్రైవరూ నవ్వాడు. ఆమె చెంబు తీసుకుని గట్టెక్కి, అటు తిరిగి నిలబడింది. ఆ ఫోటో అప్పటిదే.

వారం తిరక్కముందే ఆఫీసు నుంచి ఫోను. పని పూర్తయిన కాగితాలు వెంటనే పంపాలి, లేకపోతే వచ్చే ఏటి గ్రాంటు పోతుంది. ఫోటోలు ఉన్నాయి. కాగితం అడుగున ఒక గడి ఖాళీగా ఉంది. చివరి పొలానికి నీళ్లు అందినట్టు చివరి రైతు పెట్టాల్సిన సంతకం అది. ఎవడో బుద్ధిమంతుడు మాలాంటి ప్రెసిడెంట్లను ఎరిగే ఆ గడి పెట్టించి ఉంటాడు. అప్పటికి ఆనకట్ట నుంచి నీళ్లే వదల్లేదు.

ఆమె ఇంటికి పోయాను. నారు పోయడానికి విత్తనాలు నానబెడుతోంది. కాగితం చూడగానే తడి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"ఏమని రాసిండారప్పా?"

"కాలువ పని అయ్యిందని, పెద్దమ్మా."

"నీళ్లొచ్చినంక సేస్తే కాదా?"

"ఆలోపల ఫైలు పోవల్ల. లేకుంటే ఊరికే నష్టం. నీళ్లు యాటికి పోతాయి, వస్తాయి. నేనుండాను కదా."

"ఔలే. నువ్వుండావు కదా" అంది. కాగితం తిప్పుకుంది. నాలుక పళ్ల మధ్య పెట్టుకుంది. అంత నిదానంగా రాసింది, వద్దనడానికి నాకు కావలసినంత సమయం ఉంది. నేను గోడ మీది బల్లిని చూస్తూ నిలబడ్డాను. రాసి, చూసుకుని, "సరిగ్గా వచ్చిందా?" అని అడిగింది. వచ్చిందన్నాను.

ఈ రాతలో ఆమె పేరు ఎక్కడా రాయలేదని మీరు గమనించే ఉంటారు. ఆమె పేరును ఒకసారి వాడుకున్నాను. మళ్లీ వాడుకునే హక్కు నాకు లేదు.

నీళ్లు వదిలారు. చెంబు చెప్పినట్టే అయ్యింది. నా వంతు గుంటలో నీళ్లు చెరువులా నిలిచాయి. పక్క పొలాలవాళ్లు అందులో మోటార్లు వేసి తోడుకున్నారు. గుంట దాటి వెళ్లిన కాసిని నీళ్లు కింద ఎవరూ తీయని పూడికలో ఇంకిపోయాయి. ఆమె నారుమడి ముందు పచ్చబడింది, తర్వాత చివర్లు ఎర్రబడింది, తర్వాత పశువులకు కూడా పనికిరాలేదు. ఇరవై రోజులు ఆమె, కోడలు బిందెలతో మోసి పోశారని తర్వాత విన్నాను. ఎకరన్నరకు బిందెలు ఏ మూలకు? ఆ వయసులో ఆమె ఆ ఏడు పరుల మిరపతోటల్లో కాయ కోతకు పోయింది.

ఆ కోతలకు పోయేముందు ఒకసారి కాలువల ఆఫీసుకు వచ్చింది, ఒంటరిగా, అర్జీ పట్టుకుని. నేను వేరే పని మీద అక్కడే కుర్చీలో కూర్చుని ఉన్నాను. గుమాస్తా చెడ్డవాడేం కాదు. ఫైలు వెతికి, కాగితం తీసి, ఆమె ముందు పరిచాడు.

"నోడమ్మా, నీరు బందిదె అంత నీవే సహి హాకిద్దీరల్లా?"

నీళ్లు వచ్చాయని మీరే సంతకం పెట్టారు కదా అని. ఆమె వంగి చూసింది. తన పేరు మీద వేలు పెట్టింది, అక్షరాల వెంట మెల్లగా జరిపింది. తర్వాత తల ఎత్తి నన్ను చూసింది. ఒక్క మాట అంటే చాలు. ఈయప్ప చేయించుకున్నాడని వేలు ఇటు తిప్పితే చాలు. నేను పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాను. ఫ్యానుకు మూడు రెక్కలు, ఒక రెక్క కొస వంగి ఉంది. ఈ రోజుకీ అది నాకు కళ్లకు కట్టినట్టు ఉంది.

"ఔ. నాదే" అంది ఆమె.

అర్జీ మడిచి రవికెలో పెట్టుకుని బయటికి నడిచింది. నేను వెనకాలే పోయాను. బస్టాండులో ఆమె పక్కన నిలబడి "పెద్దమ్మా, నేను..." అన్నాను. ఆమె రోడ్డు వైపు చూస్తూ, "బస్సొస్తాండాది, ఎక్కప్పా" అంది.

ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే రెండు రోజులు తిట్టేవాళ్లు, నన్ను దింపేసేవాళ్లు, నేనూ ఇన్నేళ్లు ఈ బరువు మోసేవాణ్ణి కాదు. ఆమె చెప్పలేదు కనుక మళ్లీ ప్రెసిడెంటునయ్యాను. చివరి రైతు సంతకం ఆ తర్వాత ఆమె పక్క పొలం అతని దగ్గర తీసుకున్నాను. ఆమె ఎదురుపడితే బాగున్నావా అని అడిగేది. నేను ఫోను చెవికి పెట్టుకునేవాణ్ణి.

ఆ మరుసటి ఏడు ఆమె మళ్లీ కాలువలోకి దిగింది. ఒకరి తర్వాత ఒకరి వంతులో కూర్చుని, ఊరి చేత మళ్లీ పారలు పట్టించింది. నేను ఒక్క మాటతో మాన్పించినదాన్ని తిరిగి అలవాటు చేయడానికి ఆమెకు మూడేళ్లు పట్టింది. నా వంతు గుంటను మట్టి కొంత పూడ్చింది. నిలిచిన నీళ్లకు జమ్ము నిలువెత్తు పెరిగింది. ఆమె పొలానికి మళ్లీ నీళ్లు అందాయి కానీ, అందరికంటే వారం ఆలస్యంగా, నా జమ్ములోంచి దూరి దూరి. నేను తీయలేదు. దిగితే ఆమె వస్తుంది, వస్తే మాట్లాడాలి. ప్రెసిడెంటు అందరి పనీ చూసుకోవాలి కదా అని నాకు నేను చెప్పుకుని, గట్టు మీద నిలబడి అందరి ఫోటోలూ తీశాను.

కానీ ప్రతి ఏడూ ఎదురుచూశాను. ఈసారి నా వంతులో కూర్చుంటుంది, రొట్టె తింటుంది, ఊరు నవ్వుతుంది, నేను పార పట్టుకుని పరిగెత్తుతాను, అంతటితో ఏదో ఒకటి సర్దుకుంటుంది అని. ఆమె నా బండ దగ్గరికి వచ్చేది. జమ్మును రెండు చేతులతో పక్కకు తోసుకుంటూ, ఆగకుండా అవతలికి పోయేది. ఒక ఏడు ఉండబట్టలేక గట్టు మీద నుంచి అడిగాను.

"పెద్దమ్మా, నా వంతులో కూసోవా?"

ఆమె ఆగింది. కోపం లేదు మొహంలో. ఉంటే బాగుండేది.

"వచ్చేటోళ్ల వంతులో కూసుంటానప్పా. రానోళ్ల తావ కూసుంటే రొట్టె తినేసి లేసి రావల్ల, అంతే కదా."

చెప్పి పోయింది. రావాలంటే ఆ క్షణమే దిగి ఉండొచ్చు. నేను నా పనికిమాలిన పౌరుషంతో ఇంటికి వచ్చి, ఆమెకు అంత పొగరేమిటని మా ఆవిడతో అన్నాను.

ఆమె పోయిన మూడో రోజు వాళ్లింటికి వెళ్లాను. కోడలు మజ్జిగ ఇచ్చింది. వరసకు నన్ను బావా అంటుంది. గ్లాసు చేతిలో తిప్పుతూ, పెద్దమ్మ నా గురించి ఏమన్నా చెప్పేదా అని అడిగాను.

"ఏమీ సెప్పలేదు బావా. ఏంటికి?"

"ఊరికే."

"ఒకటి మటుకు సెప్పేది. నీళ్లు కాళ్లకు తగిలేదాంక ఏ కాయితానికీ సహి జెయ్యొద్దు, ఎవురొచ్చినా సరే అని. ఆయమ్మ సహి అంటే పానం కదా, అందుకే ఏమో."

ఎవరొచ్చినా సరే. ఇంట్లో కూడా నా పేరు దాచింది.

నిన్న, నీళ్లు వదలడానికి వారం ముందు, మా ఆవిడను రొట్టెలు చేయమన్నాను. మూట కట్టుకుని, పార భుజాన వేసుకుని, చెప్పులు విప్పి కాలువలోకి దిగాను. నా వంతు మధ్యకు పోయి, జమ్ములో కూర్చుని, మూట విప్పాను. అడుగున మట్టి ఇంకా మెత్తగానే ఉంది, పంచె తడిసింది. ఆమె చెప్పే నీడ అక్కడ నిజంగానే ఉంది. రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాను.

పైనుంచి కాలువ అడుగున ఎవరో నడిచి వస్తున్న చప్పుడు. జమ్ము పక్కకు జరిగింది. కోడలు. చంకలో చెప్పులు, చేతిలో అత్త చెంబు. నన్ను చూసి ఆశ్చర్యపోయింది, తర్వాత ఆమె మొహం వికసించింది. అత్త పోయాక ఆ పనికి ఊళ్లో తోడు దొరికారనుకుంది, పాపం.

"ఏం బావా, అచ్చం అత్త మాదిరే కూసున్యావే! ఎవురిదీ వంతు? ఇంత జమ్ము పెంచుకున్యారు, సిగ్గులేనోళ్లు."

పైకి చూశాను. అక్కడ ఫ్యాను లేదు.

"నాదేమ్మా" అన్నాను.